ఇంటి వైర్‌లెస్ నెట్‌వర్కులో ప్రింటరును పంచుకొనుట

ఒకే ప్రింటరును ఇంటిలోని రెండు లేక అంతకంటె ఎక్కువ కంప్యూటర్లు వాడుకొనే ఏర్పాటును ప్రింటరు పంచుకొనుట లేదా ప్రింటరు షేరింగు అంటారు. పూర్వము దీనికై గది నుండి గదికి తీగలు లాగవలసి వచ్చేది. వై-ఫై రౌటరు ఇండ్లలోనికి వచ్చిన తరువాత, దాని పరిధిలోనున్న బల్లమీది కంప్యూటరు, ల్యాప్‌టాప్, ఫోను అన్నీ ఒకే నెట్‌వర్కులో ఉంటాయి కనుక, వాటిలో దేని నుండి అయినను ప్రింటరుకు పని అప్పగించవచ్చును.

ఈ ఏర్పాటు మూడు విధములుగా ఉంటుంది. ప్రింటరును ఒక కంప్యూటరుకు తీగతో కలిపి, ఆ కంప్యూటరు ద్వారా తక్కినవారికి అందించుట మొదటిది. రౌటరుకే, లేదా ప్రింట్ సర్వరు అనబడే చిన్న పెట్టెకు ప్రింటరును కలుపుట రెండవది. ప్రింటరులోనే వై-ఫై ఉండి, అది స్వతంత్రముగా నెట్‌వర్కులో చేరుట మూడవది. మూడింటిలోను కాగితము మీద పడే అక్షరములు ఒకటే. భేదమంతయు ముద్రణ వరుస ఎక్కడ నిలుచునన్న దానిలో ఉన్నది. "ప్రింటర్ ఆఫ్‌లైన్" అన్న సందేశము మొదలుకొని, పరీక్ష రోజు ఉదయమున హాల్ టికెట్ బయటకు రాకపోవుట వరకు ఇండ్లలో ఎదురయ్యే ఇబ్బందులలో అధిక భాగము ఈ విషయము తెలిసినచో తేలికగా విడిపోతాయి.

ముద్రణ వరుస

ప్రింటరు ఒకసారికి ఒక పత్రమునే ముద్రించగలదు. కంప్యూటరు క్షణములో పంపగలిగిన పత్రమును కాగితము మీదికి ఎక్కించుటకు దానికి నిమిషములు పట్టవచ్చును. అందుచేత కంప్యూటరు ఆ పత్రమును ముందు డిస్కు మీద దాచి, ప్రింటరు వేగానికి తగినట్లు కొద్దికొద్దిగా అందిస్తుంది. ఈ పని చేసే ప్రోగ్రామును స్పూలరు అంటారు. స్పూల్ అనగా నూలు చుట్టిన కండె. నాడె నడచినకొద్దీ కండె మీది నూలు విడివడినట్లే, ప్రింటరు అడిగినకొద్దీ దాచిన పత్రము విడివడుతుంది. ఒకదాని వెనుక ఒకటిగా వేచియున్న పత్రముల క్రమమే ముద్రణ వరుస (ప్రింట్ క్యూ).

వరుస ఉన్న యంత్రము మేలుకొని ఉంటేనే ముద్రణ జరుగుతుంది. వరుసలో మొదటి పత్రము చిక్కుకొన్నచో వెనుకనున్నవన్నీ ఆగిపోతాయి. కాబట్టి "ప్రింటరు పనిచేయుట లేదు" అన్నప్పుడు మొదట చూడవలసినది ప్రింటరును కాదు, పత్రము ఏ వరుసలో ఆగినదో. చాలమంది ఈ దశలో మరల మరల ప్రింట్ మీట నొక్కుతారు. దాని ఫలితముగా, చిక్కు వీడిన తరువాత ఒకే పత్రము పది ప్రతులుగా వెలువడుతుంది.

వరుస కంటె ముందు మరొక పని ఉన్నది. పత్రమును ప్రింటరుకు తెలిసిన భాషలోనికి మార్చవలెను. ఆ పని చేసేది డ్రైవరు. పోస్ట్‌స్క్రిప్ట్, పి.సి.ఎల్. వంటి పుట వర్ణన భాషలను కొన్ని ప్రింటర్లు స్వయముగా అర్థము చేసుకొంటాయి. చవుక ప్రింటర్లలో చాలవాటికి ఆ తెలివి ఉండదు. చుక్కచుక్కగా బొమ్మను తయారుచేసి ఇచ్చే భారము కంప్యూటరు మీదనే ఉంటుంది. వీటిని హోస్ట్ ఆధారిత ప్రింటర్లు అంటారు. పంచుకొనే పద్ధతిని ఎన్నుకొనేటప్పుడు ఈ భేదము ముఖ్యమైనది.

చరిత్ర

స్థానిక నెట్‌వర్కు పుట్టుకలోనే ప్రింటరుకు పాత్ర ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, పాలో ఆల్టో నగరమున జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రములో గ్యారీ స్టార్క్‌వెదర్ 1970వ దశకపు తొలి సంవత్సరములలో లేజరు ప్రింటరును రూపొందించెను. అంత విలువైన యంత్రమును ఒక్కొక్కరి బల్ల మీద పెట్టుట అసాధ్యము. అక్కడి ఆల్టో కంప్యూటర్లన్నీ ఆ ప్రింటరును వాడుకొనేటట్లు, అది అడిగే వేగముతో సమాచారమును అందించగల నెట్‌వర్కు కావలసి వచ్చినది. రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22న వ్రాసిన పత్రములో ఈథర్‌నెట్ భావన వెలువడినది. నేడు రౌటరు వెనుక తగిలించే తీగ ఆ వంశమునకు చెందినదే.

పంచుకొన్న ప్రింటరు వలన మరొక ఉద్యమమునకును ప్రేరణ కలిగినది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని కృత్రిమ మేధ ప్రయోగశాలలో ప్రింటరు ఒక అంతస్తులో, వాడేవారు మరొక అంతస్తులో ఉండేవారు. కాగితము ఇరుక్కొన్నచో వేచియున్నవారికి కబురు అందేటట్లు రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటరు ప్రోగ్రామును మార్చెను. 1980 ప్రాంతమున జిరాక్స్ వారి కొత్త లేజరు ప్రింటరు వచ్చినప్పుడు దాని మూలసంకేతము (సోర్స్ కోడ్) అందుబాటులో లేదు, అడిగినను దొరకలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అవసరమును వివరించునప్పుడు స్టాల్‌మన్ ఈ సంఘటనను పలుమార్లు ప్రస్తావించెను. ఆయన గ్నూ ప్రాజెక్టును 1983 సెప్టెంబరులో ప్రకటించెను.

ప్రింటరును నేరుగా నెట్‌వర్కుకు కలిపే జెట్‌డైరెక్ట్ కార్డును హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 1991లో తెచ్చినది. 1992లో విడుదలైన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో సామాన్య వాడుకరి కూడ తన ప్రింటరును పక్క కంప్యూటరుతో పంచుకొనే వీలు కలిగినది. అంతర్జాల ముద్రణ నియమావళి (ఐ.పి.పి.) 1999లో వెలువడినది. అదే సంవత్సరము మైకేల్ స్వీట్ రూపొందించిన కప్స్ అను ముద్రణ వ్యవస్థ తొలి విడుదల జరిగినది. 2002లో ఆపిల్ సంస్థ దీనిని మ్యాక్ ఓ.ఎస్. టెన్ 10.2లో చేర్చుకొన్నది. లినక్స్‌లోను ముద్రణకు ఆధారము ఇదే.

భారతదేశములో 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలో తక్కువ శక్తితో పనిచేసే పరికరములకు లైసెన్సు అక్కరలేదని ప్రకటించినది. ఆ తరువాతి సంవత్సరములలో బ్రాడ్‌బ్యాండుతో పాటు వై-ఫై రౌటర్లు ఇండ్లలో వ్యాపించినవి.

కంప్యూటరు ద్వారా పంచుట

ఇంటిలో ఇదివరకే ఒక యు.ఎస్.బి. ప్రింటరు ఉన్నచో అదనపు ఖర్చు లేని పద్ధతి ఇది. ప్రింటరు తగిలించిన కంప్యూటరును ఆతిథేయి (హోస్ట్) అంటారు. వరుస దానిలో ఉంటుంది.

విండోస్ 11లో 'సెట్టింగ్స్' తెరచి, 'బ్లూటూత్ అండ్ డివైసెస్' లోపల 'ప్రింటర్స్ అండ్ స్కానర్స్'లో ఆ ప్రింటరును ఎన్నుకొని, 'ప్రింటర్ ప్రాపర్టీస్'లోని 'షేరింగ్' పుటలో 'షేర్ దిస్ ప్రింటర్' అన్న గడిని గుర్తించవలెను. అక్కడనే ప్రింటరుకు పెట్టే పేరు పొట్టిగా, మధ్యలో ఖాళీలు లేకుండ ఉండుట మేలు. రెండవ కంప్యూటరులో విండోస్ మీటతో పాటు ఆర్ మీట నొక్కి, వచ్చిన గడిలో వెనుకకు వాలిన రెండు గీతలు, వాటి ప్రక్కన ఆతిథేయి పేరు వ్రాసినచో పంచిన ప్రింటరు కనబడుతుంది. దానిపై రెండుసార్లు నొక్కగా డ్రైవరు చేరి ప్రింటరు సిద్ధమవుతుంది.

ఇంతవరకు పుస్తకములలో ఉండేదే. ఆచరణలో పని ఆగే చోట్లు వేరు. విండోస్ కొత్త వై-ఫై నెట్‌వర్కును మొదట 'పబ్లిక్' (బహిరంగ) వర్గములో చేరుస్తుంది. బస్సుస్టాండులోని వై-ఫైకి తగిన జాగ్రత్త అది. ఆ వర్గములో ఉన్నంతసేపు ఫైర్‌వాల్ ఇతర కంప్యూటర్లను లోనికి రానీయదు. ఇంటి నెట్‌వర్కును 'ప్రైవేట్' అని మార్చి, 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' అను అంశమును తెరచిపెట్టవలెను.

రెండవ చిక్కు సంకేతపదము. రెండవ కంప్యూటరు నుండి వెళ్ళినప్పుడు ఆతిథేయి పేరు, సంకేతపదము అడుగుతుంది. అక్కడ ఎక్కువమంది తాము రోజూ నొక్కే నాలుగంకెల పిన్‌ను ఇస్తారు, అది తిరస్కరింపబడుతుంది. పిన్ ఆ ఒక్క యంత్రమునకే పరిమితమైనది, నెట్‌వర్కు మీద చెల్లదు. ఖాతా అసలు సంకేతపదమునే ఇవ్వవలెను. ఆతిథేయిలో ముద్రణ కొరకే ఒక సాధారణ ఖాతా సృష్టించి, దానికొక సంకేతపదము పెట్టి ఇంటిల్లిపాదికి అదే ఇచ్చుట సులువైన మార్గము. ఇంటి యజమాని సొంత ఖాతా సంకేతపదము అందరికి తెలియవలసిన పని ఉండదు.

మూడవది 2021 నాటి మార్పు. ఆ సంవత్సరము జూన్, జూలై నెలలలో విండోస్ స్పూలరులో 'ప్రింట్ నైట్‌మేర్' అను తీవ్రమైన భద్రతాలోపము బయటపడినది. దానిని సవరించుచు మైక్రోసాఫ్ట్ సంస్థ ఆగస్టులో పంచిన ప్రింటరు డ్రైవరును చేర్చుకొనే హక్కును నిర్వాహక ఖాతాకే పరిమితము చేసినది. సెప్టెంబరు నవీకరణలతో ముద్రణ సంభాషణకు మరింత కఠినమైన ధ్రువీకరణ వచ్చినది. అప్పటి వరకు చక్కగా నడచిన ఎన్నో ఇండ్లలో చివర '11బి' అని ఉండే దోషసందేశము కనబడసాగినది. రెండు కంప్యూటర్లలోను నవీకరణలు పూర్తిచేయుట దీనికి సరియైన మందు. రిజిస్ట్రీలో ఆ రక్షణనే ఆపివేయుమని చెప్పే సలహాలు విరివిగా ఉన్నవి. తలుపు బిగుసుకొన్నదని తలుపునే ఊడబెరికే పని అది.

అప్పటికిని కుదరనిచో మరొక దారి ఉన్నది. రెండవ కంప్యూటరులో డ్రైవరును తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాముతో విడిగా స్థాపించి, ప్రింటరును 'లోకల్ పోర్ట్' క్రింద చేర్చి, ఆ పోర్టు పేరుగా ఆతిథేయి పేరు, ప్రింటరు పేరు ఇవ్వవచ్చును. ఈ పద్ధతిలో రెండు వరుసలు ఏర్పడతాయి, రెండవ కంప్యూటరులో ఒకటి, ఆతిథేయిలో ఒకటి. పత్రము రద్దుచేయవలసి వచ్చినప్పుడు రెండు చోట్ల చూడవలెను.

పాత మార్గదర్శకములలో కనబడే 'హోమ్‌గ్రూప్' అను సౌకర్యము విండోస్ 7తో 2009లో వచ్చి, 2018లో విండోస్ 10 నుండి తొలగింపబడినది. విండోస్ ఎక్స్‌పి కంప్యూటరును ఆతిథేయిగా ఉంచుట కూడ నేడు తగదు. అది మాటలాడే ఎస్.ఎం.బి. మొదటి కూర్పును 2017 చివరి నుండి కొత్త విండోస్‌లలో అప్రమేయముగా చేర్చుట లేదు. ఆ కూర్పులోని లోపము ద్వారానే 2017 మేలో 'వాన్నక్రై' వైరసు ప్రపంచమంతట వ్యాపించినది. ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని బారిన పడినవి.

మ్యాక్‌లో 'సెట్టింగ్స్'లోని 'జనరల్' క్రింద 'షేరింగ్'లో 'ప్రింటర్ షేరింగ్' తెరచినచో చాలును. లినక్స్‌లో కప్స్ నిర్వహణ పుటలో పంచు అనుమతి ఇవ్వవలెను. ఈ రెండింటిలోను పని ఇంచుమించు ఒకటే, ఎందుకనగా లోపల ఉన్నది ఒకే వ్యవస్థ.

ఈ పద్ధతికి ఉన్న అసలు లోపము, ఆతిథేయి నిద్రపోతే ఇల్లంతటికి ప్రింటరు లేనట్లే. నిద్రపోకుండ రోజంతా ఉంచుటకు ఖర్చు ఉన్నది. 50 వాట్లు తీసుకొనే కంప్యూటరు 24 గంటలు నడచినచో రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్ల విద్యుత్తు అవుతుంది. ప్రింటు కావలసినప్పుడే ఆతిథేయిని మేల్కొలుపుట చాల ఇండ్లకు తగినది. ల్యాప్‌టాప్‌ను ఆతిథేయిగా పెట్టుకొన్నచో, దానిని పట్టుకొని ఎవరైన ఊరు వెళ్ళిన రోజున మిగిలినవారికి ముద్రణ లేదు.

రౌటరు ద్వారా పంచుట

కొన్ని రౌటర్ల వెనుక యు.ఎస్.బి. రంధ్రము ఉంటుంది. ప్రింటరును దానికి తగిలించి రౌటరులోని ప్రింట్ సర్వరును తెరచినచో, రౌటరు ఎలాగును ఎల్లవేళల నడచుచుండును కనుక ఆతిథేయి అవసరము తప్పుతుంది. అయితే రౌటరు వచ్చిన సమాచారమును ప్రింటరుకు దాటించునే గాని డ్రైవరు పని చేయదు. హోస్ట్ ఆధారిత ప్రింటర్ల విషయములో ఇది బెడిసికొట్టవచ్చును.

భారతదేశములో కార్యాలయములు, జిరాక్సు అంగళ్ళు, ఇండ్లు అన్న తేడా లేక విస్తారముగా వాడుకలోనికి వచ్చిన హెచ్.పి. లేజర్‌జెట్ 1020 దీనికి మంచి ఉదాహరణ. ఈ ప్రింటరు తనను నడిపే ఫర్మ్‌వేరును తనలో శాశ్వతముగా ఉంచుకొనదు. స్విచ్చి వేసిన ప్రతిసారి కంప్యూటరు దానిని ప్రింటరులోనికి ఎక్కించవలెను. రౌటరుకు తగిలించినప్పుడు ఆ ఎక్కించే పని చేసేవారు లేక, ప్రింటరు దీపము వెలుగుచున్నను ముద్రణ జరగదు. అంతే ప్రచారము పొందిన క్యానన్ ఎల్.బి.పి. 2900 కూడ కంప్యూటరు మీద ఆధారపడే జాతిదే. ఇట్టివాటికి కంప్యూటరు ఆతిథేయిగా ఉండుటయే మేలు. ఓపిక గలవారు 2012 నుండి లభించుచున్న రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరులో లినక్స్, కప్స్ స్థాపించి దానినే ఆతిథేయిగా చేయవచ్చును. అది కొద్ది వాట్లతోనే రోజంతా నడుస్తుంది. 1020 కోరే ఫర్మ్‌వేరును ఎక్కించే స్వేచ్ఛా డ్రైవర్లును లినక్స్‌కు కలవు.

వై-ఫై ప్రింటరు

కొత్తగా కొనేవారికి సాధారణముగా ఇదియే తగినది. ప్రింటరు తెర మీద గాని, తయారీదారు ఇచ్చిన ఫోను ప్రోగ్రాముతో గాని ఇంటి వై-ఫై పేరు, సంకేతపదము తెలిపినచో అది నెట్‌వర్కులో చేరుతుంది. కొన్ని ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిని మాత్రమే అందుకొంటాయి. రౌటరులో 5 గిగాహెర్ట్జ్ పేరు వేరుగా ఉన్నచో ప్రింటరును 2.4 పేరుకు కలుపవలెను. రెండు శ్రేణులును ఒకే రౌటరువి కాబట్టి, 5 శ్రేణిలోనున్న ల్యాప్‌టాప్ 2.4 శ్రేణిలోనున్న ప్రింటరుకు పని పంపుటకు సాధారణముగా అడ్డు లేదు.

ఇక్కడ తరచు వచ్చే ఫిర్యాదు "నిన్నటి దాక పనిచేసినది, నేడు ఆఫ్‌లైన్ అంటున్నది" అనునది. కారణము చిరునామా. నెట్‌వర్కులో చేరిన ప్రతి పరికరమునకు రౌటరు 192.168.1.7 వంటి ఒక సంఖ్యను ఇస్తుంది. దీనిని ఐ.పి. చిరునామా అంటారు. ఈ సంఖ్య శాశ్వతము కాదు, కొంత గడువుకు ఇచ్చినది. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు, టీవీ, ఫోనులు, ప్రింటరు ఏ క్రమములో మేల్కొన్నవో చెప్పలేము. పాత కేటాయింపులను గుర్తుంచుకొనని రౌటరు అయినచో నిన్న ప్రింటరుకు ఉన్న సంఖ్య నేడు టీవీకి పోవచ్చును. కంప్యూటరు మాత్రము పాత సంఖ్యకే ఉత్తరములు వేయుచుండును. ఇల్లు మారినవారి పాత చిరునామాకు వెళ్ళే తపాలా వలె అవి చేరవు.

దీనికి స్థిరమైన పరిష్కారము రౌటరులోనే ఉన్నది. ప్రతి పరికరమునకు పుట్టుకతో వచ్చే మ్యాక్ చిరునామా ఒకటి ఉంటుంది. ప్రింటరు నుండి వెలువడే నెట్‌వర్కు వివరముల కాగితములో అది కనబడుతుంది. రౌటరు నిర్వహణ పుటలో 'అడ్రెస్ రిజర్వేషన్' అను చోట ఆ మ్యాక్ చిరునామాకు 192.168.1.50 వంటి ఒక సంఖ్యను కేటాయించినచో, రౌటరు ఆ సంఖ్యను మరెవ్వరికి ఇవ్వదు. తరువాత కంప్యూటరులో ప్రింటరును తొలగించి, 'స్టాండర్డ్ టి.సి.పి./ఐ.పి. పోర్ట్' ద్వారా అదే సంఖ్యతో మరల చేర్చవలెను. విండోస్ తనంతట తాను వెదకి చేర్చే 'డబ్ల్యు.ఎస్.డి. పోర్ట్' కంటె ఇది నిలకడగా ఉంటుంది. ఈ పని అంతయు పావుగంటలో ముగుస్తుంది, ఆపై సంవత్సరముల తరబడి ముట్టుకొన నక్కరలేదు.

కరెంటు ప్రసక్తి వచ్చినది గనుక మరొక మాట. లేజరు ప్రింటరు పొడిని కాగితమునకు కరిగించి అంటించుటకు వేడి రోలరును వాడుతుంది. వేడెక్కే సమయములో అది వందల వాట్లు లాగుతుంది. కంప్యూటరు కొరకు పెట్టిన చిన్న యు.పి.ఎస్.కు దీనిని తగిలించరాదు. ఇంక్‌జెట్ ప్రింటర్లకు ఈ బాధ లేదు, కాని వాడక ఉంచినచో వాటి రంధ్రములలో సిరా ఎండుతుంది. ఇంటిల్లిపాది ఒకే ఇంక్‌జెట్‌ను వాడుకొన్నచో అది తరచు కదలుచుండుట వలన ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఒకే ఇంటిలో రెండు నెట్‌వర్కులు

ఫైబరు కనెక్షను ఇచ్చిన సంస్థ పెట్టిన పెట్టె ఒక వై-ఫైని, ఇంటివారు విడిగా కొన్న రౌటరు మరొక వై-ఫైని ప్రసరించుట నేటి ఇండ్లలో సామాన్యము. రెండింటిలోను అంతర్జాలము వస్తుంది గనుక తేడా తెలియదు. కాని రౌటరు తన వెనుక ఒక ప్రత్యేక నెట్‌వర్కును కట్టుకొంటుంది. ప్రింటరు ఒకదానిలో, ల్యాప్‌టాప్ మరొకదానిలో ఉన్నచో వెదకినప్పుడు ప్రింటరు కనబడదు. అన్నిటిని ఒకే వై-ఫైకి చేర్చుట, లేక సొంత రౌటరును 'యాక్సెస్ పాయింట్' స్థితికి మార్చుట దీనికి ఉపాయము. అతిథుల కొరకు తెరచిన 'గెస్ట్' వై-ఫై నుండి కూడ ప్రింటరు సాధారణముగా కనబడదు. ఆ ఏర్పాటు ఉద్దేశమే అది.

2020 తరువాత ఇంటి నుండి పనిచేసే ఉద్యోగులు పెరిగిన హైదరాబాదు వంటి నగరములలో మరొకటి తోడైనది. కార్యాలయపు ల్యాప్‌టాప్‌లో వి.పి.ఎన్. నడచుచున్నంతసేపు, సంస్థ నియమములను బట్టి, ఇంటి నెట్‌వర్కు మొత్తము మూసుకొనిపోవచ్చును. అప్పుడు ప్రింటరుదిగాని రౌటరుదిగాని దోషము లేదు. ఆ నియమమును తప్పించుకొన జూడక, కార్యాలయమువారిని అడుగుటయే మర్యాద.

ఫోనుల నుండి ముద్రణ

ఆపిల్ సంస్థ 2010 నవంబరులో ఎయిర్‌ప్రింట్‌ను విడుదల చేసినది. ఆండ్రాయిడ్ ఫోనులకు 2013లో క్యానన్, హెచ్.పి., శాంసంగ్, జిరాక్స్ సంస్థలు కలిసి స్థాపించిన మోప్రియా కూటమి ప్రమాణము ఉపయోగపడుతుంది. ఈ రెండింటిని అర్థము చేసుకొనే ప్రింటరుకు ప్రత్యేక డ్రైవరు అవసరము లేదు. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబరు 31తో మూతపడినది. పాత ప్రింటర్ల పెట్టెల మీద దాని గుర్తు ఇంకను కనబడినను ప్రయోజనము లేదు. విండోస్‌లో పంచిన ప్రింటరు ఫోనులకు నేరుగా కనబడదు. కప్స్ ద్వారా పంచినది కనబడవచ్చును.

తెలుగు పత్రముల ముద్రణ

ప్రింటరులో తెలుగు అక్షరములు ఉంటాయని కొందరు భావిస్తారు. ఉండవు. అక్షరముల ఆకృతి పత్రమును తెరచిన కంప్యూటరులోని ఫాంటు నుండి వస్తుంది. పంచుకొన్న ప్రింటరు ఒకటే అయినను, తండ్రి కంప్యూటరు నుండి చక్కగా వచ్చిన పెళ్ళిపత్రిక కుమార్తె ల్యాప్‌టాప్ నుండి అర్థము లేని ఆంగ్ల అక్షరములుగా రావచ్చును. అను ఫాంటులతో కూర్చిన పత్రములలో ఇది తరచు జరుగుతుంది. అవి యూనికోడ్ ఫాంటులు కావు. లోపల దాచినవి ఆంగ్ల సంకేతములే కనుక, ఆ ఫాంటు లేని యంత్రములో అసలు రంగు బయటపడుతుంది.

యూనికోడ్ పత్రములలోను చిన్న చిక్కు ఉన్నది. విండోస్ ఎక్స్‌పితో వచ్చిన గౌతమి ఫాంటు విండోస్ 10 నుండి ఐచ్ఛికముగా చేర్చుకొనే పొదిలోనికి పోయినది. గౌతమిలో కూర్చిన పత్రమును అది లేని కంప్యూటరులో తెరచినచో విండోస్ 8 నుండి వచ్చుచున్న నిర్మలా యూఐ వంటి మరొక ఫాంటు దాని స్థానములో నిలుస్తుంది. అక్షరములు చదువ వీలుగానే ఉండును గాని పంక్తులు జరిగి పుటల సంఖ్య మారవచ్చును. కావున పత్రమును కూర్చిన యంత్రములోనే పి.డి.ఎఫ్.గా మార్చి పంపవలెను. పి.డి.ఎఫ్. తనలో ఫాంటును ఇముడ్చుకొంటుంది గనుక ఏ గది నుండి ముద్రించినను రూపము మారదు. అప్పటికిని వత్తులు, గుణింతములు చెదరినచో ముద్రణ గడిలోని 'ప్రింట్ యాజ్ ఇమేజ్' అను అంశమును వాడవచ్చును. ముద్రణ నెమ్మదించును, కాని తెర మీద ఉన్నదే కాగితము మీదికి వస్తుంది.

స్కానరు సంగతి

ముద్రణ, స్కానింగు, నకలు మూడును చేసే ప్రింటర్లను కంప్యూటరు ద్వారా పంచినప్పుడు ముద్రణ ఒక్కటే పంచబడుతుంది. విండోస్ ముద్రణ వరుసకు స్కానరుతో సంబంధము లేదు. ఇతర గదుల నుండి స్కాన్ చేయవలెనన్నచో ప్రింటరులో సొంత వై-ఫై ఉండవలెను. లేనిచో ఆతిథేయి దగ్గరకు వెళ్ళి స్కాన్ చేసి, ఫలితమును పంచిన ఫోల్డరులో ఉంచుకొనవలెను.

చిక్కుకొన్న వరుసను విడిపించుట

రద్దుచేసినను పోకుండ 'డిలీటింగ్' అని నిలిచిపోయే పత్రము వరుసనంతటిని ఆపుతుంది. ప్రింటరును ఆపి వేసినంత మాత్రమున అది తొలగదు, ఏలయన అది ఉన్నది కంప్యూటరు డిస్కు మీద. ఆతిథేయిలో నిర్వాహక ఖాతాతో 'సర్వీసెస్' తెరచి 'ప్రింట్ స్పూలర్'ను నిలిపి, విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32లో, స్పూల్ లోపల ఉండే ప్రింటర్స్ అను ఫోల్డరులోని ఫైళ్ళను తుడిచి, స్పూలరును మరల నడిపించవలెను. ప్రింటర్స్ ఫోల్డరును మాత్రము తొలగించరాదు. అందరి పత్రములును పోతాయి గనుక, ముందుగా ఇంటిలోని వారికి చెప్పుట మంచిది.

భద్రత

ఆధార్ ప్రతి, బ్యాంకు ఖాతా వివరములు, వైద్య పరీక్షల ఫలితములు నేడు ఇంటి ప్రింటరు గుండానే వెళ్ళుచున్నవి. వాటిని కాపాడుకొనుటకు మొదటి మెట్టు వై-ఫైకి గట్టి సంకేతపదము. రెండవది ప్రింటరు నిర్వహణ పుటకు తయారీదారు పెట్టిన సంకేతపదమును మార్చుట. ప్రింటరును బయటి నుండి అందుకొనవచ్చునని రౌటరులో 'పోర్ట్ ఫార్వర్డింగ్' తెరచుట ప్రమాదకరము. 2018 నవంబరులో ఒక అజ్ఞాత వ్యక్తి అంతర్జాలమునకు తెరచియున్న ప్రింటర్లను 9100 అను పోర్టు ద్వారా వెదకి, ప్రపంచములోని అనేక ప్రింటర్లలో ఒక యూట్యూబ్ ఛానలు ప్రచారపు కాగితములను వెలువరించెను. ఆ కాగితములతో నష్టము లేకపోయినను, అదే దారి దురుద్దేశము గలవారికిని తెరచియే ఉన్నది.

అంతకంటె తరచు జరిగే లోపము సాంకేతికమైనది కాదు. లోపలి గది నుండి ముద్రించినవారు వెంటనే వచ్చి కాగితము తీసుకొనరు. హాలులోని ట్రేలో అది సాయంత్రము వరకు పడియుండి, వచ్చేపోయేవారి కంట పడుతుంది. కొన్ని ప్రింటర్లలో పిన్ ఇచ్చినప్పుడే కాగితము వెలువడే ఏర్పాటు కలదు. అది లేనిచోట, కాగితము లేని ప్రింటరుకు పంపిన పత్రము వరుసలో వేచియుండి, మరునాడు మరెవరో కాగితము పెట్టినప్పుడు వెలువడుననియు గుర్తించవలెను. పాత ప్రింటరును అమ్మునప్పుడు లేక ఇచ్చివేయునప్పుడు 'ఫ్యాక్టరీ రీసెట్' చేసి, దానిలో దాగియున్న ఇంటి వై-ఫై సంకేతపదమును తుడిచివేయవలెను.